లీబిష్ నోటికి నచ్చని బేగెళ్లు

లీబిష్ వాక్స్‌మన్‌కు నచ్చిన మనుషుల్ని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. నచ్చిన బేగెళ్లకైతే, అంటే మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టెలకైతే, ఒక్క వేలు చాలు. అదీ ఆయన చేసిందే.

కెనడా దేశపు మాంట్రియాల్‌లోని మైల్ ఎండ్ పేటలో పద్నాలుగో ఏట పొయ్యి ముందు నిలబడినవాడు అరవై మూడొచ్చినా అక్కడి నుంచి కదల్లేదు. సెగకు కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవడం ఎప్పుడో మానేసింది. పిండిని తాడులా సాగదీసి, నాలుగు వేళ్లకు చుట్టి, తేనె కలిపిన నీళ్లలో ఉడికించి, నువ్వుల్లో పొర్లించి, పొడవాటి చెక్క మీద వరసగా పేర్చి కట్టెల పొయ్యిలోకి తోసేవాడు. ఉప్పు వేసేవాడు కాదు. దుకాణం ఆయనది కాకపోయినా పొయ్యి మాత్రం ఆయనదే. వెన్న రాసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే మొహం మాడ్చుకునేవాడు. "పొయ్యిలోంచి ఇప్పుడే దిగినదానికి పూతలెందుకు? ముసలి పెళ్లికూతురా?" అనేవాడు.

వీధికి అవతల పోటీ దుకాణం. అక్కడి పొయ్యి దగ్గర ఆయన తమ్ముడు ఫైవెల్. పంతొమ్మిదేళ్ల క్రితం దాకా ఇద్దరిదీ ఒకే పొయ్యి. ఒకరోజు ఫైవెల్ నీళ్ల గంగాళంలో రెండో గరిటె తేనె పోశాడు. "బేగెల్ చేస్తున్నావా, దగ్గుమందు కాస్తున్నావా?" అన్నాడు లీబిష్, కొనడానికొచ్చిన వాళ్లంతా వింటుండగా. వాళ్లు నవ్వారు. ఫైవెల్ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పడేసి రోడ్డు దాటాడు. మళ్లీ ఇటు రాలేదు. అవతలి పొయ్యిలో కాలింది తన నోట్లోకి వెళ్లదని లీబిష్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ దుకాణం పొగగొట్టం కేసి చూసి, "ఇవాళ మళ్లీ తడి కట్టెలు తగలేస్తున్నాడు సన్నాసి" అనుకోవడంతోనే ఆయనకు తెల్లవారేది.

ఆ ఫైవెల్ అక్టోబరులో ఒక మంగళవారం సాయంత్రం గుండె ఆగి పోయాడు. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. బుధవారం పొద్దున్నే పాతిపెట్టి, అందరూ అక్క జీసెల్ ఇంటికి చేరారు. యూదుల ఆచారం ప్రకారం అద్దాలకు దుప్పట్లు కప్పారు. జీసెల్, లీబిష్ పొట్టి పీటల మీద కూర్చున్నారు. దుఃఖానికి గుర్తుగా చొక్కా అంచు చింపుకున్న లీబిష్, ఆ చిరుగును కూడా ఎవరో తప్పుగా చింపినట్టు చూసుకుంటున్నాడు.

పాతిపెట్టి వచ్చినవాళ్లు మొదటి ముద్ద తమది తినకూడదు. ఇతరులు తెచ్చిందే తినాలి. గుడ్డు, గుండ్రటి రొట్టె. తెచ్చేవాళ్లు తెచ్చారు. బేగెళ్ల మనుషుల ఇంటికి బేగెళ్లే పట్టుకొచ్చారు.

లీబిష్ బావమరిది, ఎప్పుడో పోయిన భార్యకు తమ్ముడు లాజర్ బ్రూక్లిన్ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడు. ఒక సంచీ ముందు పెట్టాడు.

"తిను బావా. అసలైన న్యూయార్క్ సరుకు."

లీబిష్ ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. "దీనికి చిల్లు ఏదోయ్? సరిహద్దు దగ్గర లాక్కున్నారా? పన్ను పీకించుకున్నవాడి దవడలా ఉబ్బింది."

"మీది మరీ గొప్పే. ఉప్పు లేని కూడు. తినాలో గాజులా చేతికి తొడుక్కోవాలో తెలిసి చావదు."

"తొడుక్కో. నీ మొహానికి అదే ఎక్కువ."

టొరంటో నుంచి వచ్చిన పిన్ని కూతురు పెర్ల్ నీలం పండ్లు కలిపినవి తెచ్చింది. లీబిష్ వాటిని ముట్టుకోలేదు. "ఒళ్లంతా కమిలిపోయింది. ఎవరు కొట్టారే దీన్ని?" అని అడిగాడు. పక్కింటావిడ కోడలు లండన్ పిల్ల. తన చేత్తో చేసిన చిన్న మెత్తటివి పళ్లెంలో పెట్టి, "మా ఊళ్లో వీటి మధ్య ఉప్పులో ఊరిన మాంసం పెట్టుకుంటాం బాబాయ్" అంది.

"అంత మాంసం పెడితే చెప్పయినా తినొచ్చమ్మా."

ఆ పిల్ల బిత్తరపోయి పళ్లెం వెనక్కి తీసుకుంది. అప్పటిదాకా ఊరుకున్న జీసెల్ ఇక పట్టలేకపోయింది.

"ఒరేయ్, పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఈ ముద్ద తింటేనే వాడి కోసం దుఃఖానికి కూర్చున్నట్టు. అందరూ నీ నోటికేసే చూస్తున్నారు. బతికుండగా తమ్ముణ్ణి కాదన్నాడు, పోయాక కూడా కాదన్నాడు అంటారు."

"అననీ. మా దుకాణంవి తెప్పించు, తింటాను."

"ఆ పిండి నిన్న నువ్వు కలిపిందేగా? నీది నీకు ఇవాళ పనికిరాదు."

అదీ నిజమే. అయినా లీబిష్ లొంగలేదు. గుడ్డు కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం దొమెనికో వచ్చాడు. అవతలి దుకాణంలో ఫైవెల్ పక్కన పంతొమ్మిదేళ్లు కట్టెలు ఎగదోసిన ఇటలీవాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడి కాగితం సంచీ చాపాడు. అందరూ అటు తిరిగారు.

"నిన్న ఆయన చుట్టినవి. చల్లగదిలో ఉండిపోయాయి. ఇప్పుడే కాల్చాను."

"రాత్రంతా చల్లగదిలో పెట్టారా పిండిని?" అన్నాడు లీబిష్. "శవాన్ని పెట్టినట్టు?"

"లీబిష్" అంది జీసెల్.

సంచీ వెచ్చగా ఉంది. లీబిష్ ఒకటి బయటికి తీసి తిప్పి చూశాడు. చిల్లు సరిగ్గానే ఉంది. కలిపిన అతుకు వేలికి తగల్లేదు. ఆ అతుకు వేయడం తమ్ముడికి నేర్పింది తనే. అడుగున ఒకచోట మాడింది. కొరికాడు. లాజర్ కూడా నమలడం ఆపి చూశాడు.

"తేనె ఎక్కువ" అన్నాడు లీబిష్ నములుతూనే. "చెప్తూనే ఉన్నాను. విన్నాడా వెధవ?"

దొమెనికో టోపీ చేతుల్లో నలిపాడు. "మీది చప్పగా ఉందనేవాడు."

"వాడికెలా తెలుసు?"

"ప్రతి శుక్రవారం నన్ను పంపి మీ దుకాణంలో ఒకటి తెప్పించుకునేవాడు. తింటున్నంతసేపూ తిట్టేవాడు."

లీబిష్ నమలడం ఆగింది. వారం వారం ఒక్కటంటే ఒక్కటే కొనుక్కుపోయే ఈ ఇటలీవాణ్ణి పరమ పిసినారి అని ఇన్నేళ్లూ ఈసడించుకున్నాడు.

"మొత్తం తినేవాడా?"

"గింజ మిగిల్చేవాడు కాదు."

"నాలుక లేని మనిషి. ఏం తెలుస్తుంది వాడికి" అన్నాడు లీబిష్. మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుని, సంచీలో చెయ్యి పెట్టి రెండోది తీశాడు. దాని అడుగు కూడా మాడింది. దానికీ ఒక తిట్టు తిట్టాడు. అది కూడా అయ్యాక, ఒళ్లో రాలిన నువ్వులను వేలి కొసకు అద్దుకుని తిన్నాడు.

తర్వాత బల్ల మీద లాజర్ తెచ్చిన సంచీ కేసి గడ్డం ఎగరేశాడు. "లాజర్, నీ దవడలు పట్టుకెళ్లి పావురాలకు వెయ్యి. అవైనా తింటాయేమో చూద్దాం."