తేన్‌మేడులో ఖాళీ భూమి లేదు

ఇందిరా నగర్‌లో నేను పని చేసుకునే గది కింద ఒక అచ్చు దుకాణం ఉంది. నిన్న మధ్యాహ్నం వాళ్ళు ఏవో కొత్త పుస్తకాలు కట్టలు కడుతుంటే, నున్నటి కాగితం మీద ఇంకా ఆరని సిరా వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. చాలామందికి ఇష్టమైన వాసన అది. నాకు మాత్రం కోపం వస్తుంది. పన్నెండేళ్ళ కిందట అదే వాసన వేస్తున్న ఒక బుక్‌లెట్‌ను నా చేతిలో పెట్టి "చదువు" అన్న మనిషి గుర్తుకొస్తుంది. ఆమె పేరు కె. వేదవల్లి. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె పేరుతో అచ్చయిన పుస్తకం ఒక్కటే ఉంది. అది ఆమె రాసింది కాదు. అందుకే ఆమె గురించి నేను రాస్తున్నాను.

వేదవల్లి అక్క మా టౌను దగ్గర ఏంబలం అనే తమిళ పల్లెలో పుట్టింది. ఎన్నో తరాల కిందట వచ్చి అక్కడ సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే మాట్లాడేవారు, కానీ మాలో ఎవరికీ రాని పని ఒకటి ఆమెకు వచ్చు. తెలుగు చదవడం, రాయడం. వాళ్ళ తాత ఇసుకలో దిద్దించాడట. ఇరవై ఏళ్ళు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, ఆ బడి మూతపడ్డాక మా ఆఫీసులో చేరింది. ఊళ్ళ గురించి, హోటళ్ళ గురించి, కంపెనీల గురించి పరిచయ పుస్తకాలు తయారుచేసే చిన్న ఆఫీసు అది. నేను కంప్యూటర్ మీద పేజీలు కట్టేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆమెకు యాభై దాటాయి. మూలకుళం నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేది.

నేను చేరిన వారంలోనే నాకు ఆమె దగ్గర మొదటి చీవాట్లు పడ్డాయి. ఒక పల్లె ఫోటో కింద తమిళంలో "ప్రశాంతమైన గ్రామం" అని నేనే సొంతంగా ఒక మాట పెట్టాను. అక్క తెర వైపు చూసి, "భువనా, నువ్వు ఆ ఊరికి పోయినావా?" అంది. లేదన్నాను. "మరి ప్రశాంతం యాడ చూస్తివి? ఆ ఊళ్ళో ఇటుకల బట్టీ ఉండాది. తెల్లారకముందే లారీలు పోతాయి. పిల్లోళ్ళు నిద్ర లేస్తారు. ఆ ఊరోళ్ళు ఇది చదివితే నిన్ను ఏందనుకుంటారు?" నేను నవ్వి, వాళ్ళెవరు చదువుతారక్కా అన్నాను. ఆమె నవ్వలేదు. "ఎవుర్ని గురించి రాస్తామో వాళ్ళు చదవరని అనుకునేదే మన దొంగతనానికి మొదలు" అంది. చిన్న మాటకు అంత పెద్ద మాటా అని నాకు రోషం వచ్చింది. అయినా మాట తీసేశాను.

ఆ తరవాత ఏడాదిలో, భోజనాల వేళ, పాత ప్రూఫు కాగితాల వెనక వైపు ఆమె నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడే మాటలు కాగితం మీద కనిపిస్తుంటే నాకు చెప్పలేని సంబరంగా ఉండేది. ఈ నాలుగు మాటలు ఇవాళ మీకోసం రాయగలుగుతున్నానంటే ఆ కాగితాల పుణ్యమే.

అప్పుడే తేన్‌మేడు పని వచ్చింది. పడమటి కొండల మీద, మా ఊరి నుంచి అయిదు గంటల బస్సు ప్రయాణం, ఆ పైన గంట నడక. బయట ఎవరికీ పెద్దగా తెలియని ఊరు. అక్కడ విడిది గృహాలు కట్టాలనుకుంటున్న ఒక కంపెనీ, సందర్శకులకూ పెట్టుబడి పెట్టేవాళ్ళకూ ఆ ఊరిని పరిచయం చేసే బుక్‌లెట్ అడిగింది. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వైపు వాళ్ళు కాబట్టి తెలుగులో కూడా కావాలన్నారు. మా ముదలాళి, అంటే మా యజమాని, ఆ పనిని వేదవల్లి అక్కకు అప్పగించాడు. ఆమె నన్ను వెంట తీసుకెళ్ళింది.

అక్కడ మమ్మల్ని మూడు రోజులు తిప్పిన మనిషి పొన్నమ్మ. అప్పటికే అరవై పైబడిన రైతు. కొండవాళ్ళ తమిళం ఆమెది. మా ఇంటి తెలుగులోకి మార్చుకుని చెబుతున్నాను. ఊరి పైన ఏటవాలుగా చేలు. కొన్నింటిలో సామలు, రాగులు ఉన్నాయి. చాలా చేలలో మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు. ఇవి ఎవరివని అక్క అడిగింది. "అన్నీ మావే. ఈ ఏడు ఇది పడుకోని ఉండాది. ఇంకో రెండేండ్లకు లేస్తాది. అంతదాకా లేపకూడదు" అంది పొన్నమ్మ. మూడేళ్ళు పండించి మూడేళ్ళు వదిలేయడం అక్కడి పద్ధతి. గడ్డి మొలిచిన ప్రతి చేనుకూ ఒక పేరుంది. ఎలుగుబంటి చేను. తేనెరాతి చేను. కలుపు తీస్తూ తీస్తూ ఒకామె కవలలను కన్న కవలల చేను. అక్క ప్రతి పేరూ రాసుకుంది, ఏ చేను ఎవరిదో, ఎప్పుడు లేస్తుందో రాసుకుంది.

ఊరివాళ్ళు బయటివాళ్ళను రావద్దనలేదు. అది ఇప్పటికీ చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రానీ, మా సామన్నం తిని పోనీ అన్నారు. తేనె, చింతపండు కొనేవాళ్ళు కావాలన్నారు. పొద్దున పూట ఒక బస్సు కావాలన్నారు. పొన్నమ్మ ఒక్కటే అడిగింది. "మా గురించి ఏం రాసినా, అచ్చేసే ముందర మాకు చదివి వినిపించు." అక్క ఆమె చెయ్యి పట్టుకుని "వినిపిస్తా" అంది.

తిరిగొచ్చి అక్క రాసింది చదివి ముదలాళి తల పట్టుకున్నాడు. ఎండాకాలంలో రెండు నెలలు ఊరికి నీళ్ళిచ్చే ఊట సన్నబడుతుందనీ, ఆ నెలల్లో అతిథులు రాకపోవడం మంచిదనీ ఆమె రాసింది. "రావద్దని చెప్పే బుక్‌లెట్ యాడైనా ఉండాదా వేదవల్లీ? ఇది డబ్బులు పెట్టేవాళ్ళు చదివేది" అన్నాడు. "వాళ్ళకే చెప్తా ఉండాను సార్. నీళ్ళు లేని నెలలో నీళ్ళుండాయని రప్పిస్తే, వాళ్ళు తాగేది ఊరోళ్ళ నీళ్ళు" అంది ఆమె. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపును నమ్మి, తమ్ముడి పొలంలో వరి కోతలుంటే అక్క వారం రోజులు ఏంబలం వెళ్ళింది. వచ్చాక తేన్‌మేడు వెళ్ళి చదివి వినిపించి, తరవాత అచ్చుకు ఇవ్వాలని ఆమె లెక్క.

ఆమె వెళ్ళిన రెండో రోజు ముదలాళి నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. కంపెనీవాళ్ళు పంపిన తెలుగు వాక్యాలు. అక్క రాసినవి తీసేసి ఆ చోట ఇవి పెట్టమన్నాడు. "కొండ పైభాగాన విశాలమైన ఖాళీ భూమి నిరుపయోగంగా పడి ఉంది. ఏడాది పొడవునా ఊట నీరు సమృద్ధిగా లభిస్తుంది. స్థానికులు అమ్మకానికి సుముఖంగా ఉన్నారు." అక్కకు చెప్పారా సార్ అని అడిగాను. "చెప్పినాలే, టైపు కొట్టు" అన్నాడు. ఆయన చెప్పలేదని నాకు తెలుసు. ఎలుగుబంటి చేను గడ్డిలో నా కాళ్ళు తడిసి ఇంకా నెల కాలేదు. అయినా కొట్టాను. ఒక్క తప్పు లేకుండా కొట్టాను. "సుముఖంగా" అనే మాట నాకు కొత్త. దాన్ని మొదటిసారే సరిగ్గా కొట్టగలిగినందుకు ఆ క్షణంలో సంతోషం కూడా వేసింది. ముదలాళి మీద నాకున్న కోపం ఎంత పెద్దదైనా, ఆ సంతోషం మీద ఉన్న కోపం అంతకంటే పెద్దది.

అక్క తిరిగొచ్చేసరికి బుక్‌లెట్లు అచ్చయి కట్టలు కట్టి ఉన్నాయి. అంతకుముందు ఏ బుక్‌లెట్ మీదా రాసినవాళ్ళ పేరు వేయలేదు. దీని వెనక అట్ట మీద మాత్రం "రచన: కె. వేదవల్లి, విశ్రాంత ఉపాధ్యాయిని" అని ఉంది. ఆమె నిలబడే మొత్తం చదివింది. తరవాత నా దగ్గరికి వచ్చి ఆ పేజీ తెరిచి నా చేతిలో పెట్టి, "చదువు" అంది. చదివాను. "అర్థమయిందా?" అయిందక్కా అన్నాను. "కొట్టేటప్పుడు కూడా అర్థమయిందా?" అవునన్నాను. ఆమె బుక్‌లెట్‌ను తిరిగి తీసుకుంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నేరుగా ముదలాళి గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"నా పేరు తీసేయండి సార్."

"టీచరమ్మ రాసిందంటే జనం నమ్ముతారు. అందుకే పెట్టింది. ఇది నీకు గౌరవం కదా వేదవల్లీ! అచ్చయిపోయినాయి. శుక్రవారం హోటల్లో ఆవిష్కరణ, నీకు శాలువా కూడా కప్పుతారు."

మర్నాడు పొద్దున్నే ఆమె తేన్‌మేడు బస్సెక్కింది. నేనూ వస్తానంటే వద్దనలేదు. పొన్నమ్మ ఇంటి ముందు ఊరంతా కూర్చుంటే, ఆ బుక్‌లెట్‌ను మొదటి నుంచి చివరి దాకా తమిళంలో చెబుతూ చదివింది. సుముఖంగా ఉన్నారంటే ఏమిటని ఎవరో అడిగారు. అమ్ముతామని మీరు ఒప్పుకున్నట్టు అని చెప్పింది. పొన్నమ్మ లేచి నిలబడింది. "ఎవురు ఒప్పుకున్నది? పేరు చెప్పు! నిన్ను నమ్మి చేలన్నీ తిప్పినానే. మా గడ్డి చూపించి మమ్మల్నే అమ్మినావే!" అక్క తల దించలేదు. "నా పేరుతో జరిగింది. తప్పు నాదే" అంది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. కొట్టింది నేనని అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆవిష్కరణ సంగతి అక్క చెప్పడంతో, శుక్రవారం పొద్దున పొన్నమ్మతో కలిపి ఆరుగురు కొండ దిగి వచ్చారు. బీచ్ దగ్గర హోటల్ గేటు ముందే వాచ్‌మన్ వాళ్ళను ఆపేశాడు. ఆహ్వానం లేదన్నాడు. వాళ్ళ ఊరి గురించిన సభకు వాళ్ళకే ఆహ్వానం లేదు! లోపల తెర మీద వాళ్ళ కొండ, వాళ్ళ మంచు, వాళ్ళ చేలు. శాలువా కప్పడానికి పిలిస్తే అక్క వేదిక ఎక్కింది, శాలువా పక్కన పెట్టి మైకు తీసుకుంది. "దీని మీద నా పేరుంది. ఇది నేను రాసింది కాదు. తేన్‌మేడులో ఖాళీ భూమి లేదు. ఎండాకాలం నీళ్ళు చాలవు. అమ్ముతామని ఎవరూ అనలేదు. కావాలంటే అడగండి, ఆ భూమి సొంతదారులు గేటు బయట ఎండలో నిలబడి ఉన్నారు." సగంలోనే మైకు ఆపేశారు. ఇరవై ఏళ్ళు తరగతి గదిలో పలికిన గొంతు అది. చివరి వరుసకు కూడా వినిపించింది.

కొంతమంది నవ్వారు. కొంతమంది లేచి నిజంగానే గేటు దగ్గరికి వెళ్ళి పొన్నమ్మను అడిగారు. విని, చాలామంది కార్లెక్కి వెళ్ళిపోయారు. అంతమాత్రాన అంతా బాగైందని అనుకోకండి. ఊట పక్కన ఉన్న వాలును అప్పటికే ఒకాయన ఊరికి తెలియకుండా రాయించుకున్నాడు. ఇవాళ అక్కడ కంచె ఉంది, లోపల ఈత కొలను ఉంది, ఊరి ఆడవాళ్ళు బిందెలతో ఆ కంచె చుట్టూ తిరిగి నీళ్ళకు వెళ్తున్నారు. పై చేలు మాత్రం ఊరివాళ్ళకే మిగిలాయి. అక్క రాసుకున్న పేర్లూ వంతులూ అర్జీలుగా మారి, రెండేళ్ళు ఆమెతోపాటు సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగితే మిగిలాయి.

ఆ సభ కాగానే అక్క రాజీనామా ఇచ్చేసింది. ఆ రెండేళ్ళలోనూ, ఆ తరవాతా, మా టౌనులో ఏ ఆఫీసూ ఆమెకు పనివ్వలేదు. గొడవ మనిషి అన్నారు. మూలకుళం ఇంట్లో ఆడవాళ్ళకు తెలుగు అక్షరాలు చెప్పుకుంటూ బతికింది. ఆమెతోపాటే నేనూ రాజీనామా చేశానని రాసుకోవాలని ఉంది. చేయలేదు. ఇంకో నాలుగు నెలలు అదే కుర్చీలో కూర్చుని, ఇక కూర్చోలేక మానేశాను.

పోయిన ఏడు వానల్లో ఆమె చనిపోయింది. మర్నాడు మూలకుళం కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. మూల మీద స్టాంపంత అక్క ఫోటో, మధ్యలో చేతులు జోడించి ముదలాళి. "మా సంస్థ రచయిత్రి, మా కుటుంబ సభ్యురాలికి కన్నీటి అంజలి." పట్టపగలు, అందరూ చూస్తుండగా, పూలమ్మే ఆమె దగ్గర కత్తి అడిగి తీసుకుని, బల్ల ఎక్కి దాని తాళ్ళు కోసేశాను. ఎవరూ నన్ను ఆపలేదు.

అక్క పోయిన వార్త చెప్పడానికి తేన్‌మేడు వెళ్ళాను. పొన్నమ్మకు ఇప్పుడు చూపు సరిగా లేదు. ఆ వార్త విన్నాక ఆమెకు చెప్పాను, ఆ బుక్‌లెట్‌లో మాటలు కొట్టింది నేనని.

"ఆ పొద్దు ఆమె పక్కనే నిలబడి ఉంటివే" అంది.

"అవును."

"నోరు తెరవలేదే."

"తెరవలేదు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఇక మాట్లాడదనుకున్నాను. ఒక కవరు పట్టుకుని బయటికొచ్చింది. కొత్త కంపెనీ ఒకటి పంపిన కాగితాలు. "మళ్ళీ వచ్చి పై చేలు కొలస్తా ఉండారు. ఆమె లేదు. నీకు రాసేది వచ్చు కదా. కూర్చో, చెప్తాను."

కూర్చున్నాను. ఆమె ఒక్కో చేను చెబుతుంటే రాశాను. అప్పటి నుంచి నెలకోసారి ఆ కొండ ఎక్కుతున్నాను. రాసిన ప్రతి కాగితం ఊరివాళ్ళ ముందు చదువుతాను. పొన్నమ్మ తప్పు పట్టిన చోట కొట్టేసి మళ్ళీ రాస్తాను. నన్ను క్షమించానని ఆమె ఇంతవరకూ అనలేదు. నేనూ అడగలేదు.