మిరప కల్లంలో అత్తగారి చెంగు

మొన్న మాఘమాసం చివర్లో నరసరావుపేటలో మా అబ్బాయి ఫ్లాటులో కూర్చుని ఉన్నాను. కోడలు వరసపెట్టి తుమ్మి తుమ్మి, కళ్ళు నులుముకుని, ఒక మాత్ర వేసుకుని, కిటికీలన్నీ బిగించి, గాలిని శుభ్రం చేసే యంత్రం పెట్టుకుంది. సీజన్ అలర్జీ అత్తయ్యా, ఏటేటా ఇంతే అంది. మాత్ర వద్దని నేననను, డాక్టరు ఇచ్చింది వేసుకోవాల్సిందే. కానీ ఆ తుమ్ములు వింటుంటే ఈపూరు దగ్గర మా మిరప కల్లం కళ్ళ ముందుకొచ్చింది. ఒకప్పుడు ఆ తుమ్ములు నావి మరి.

నేను అచ్చంపేట వైపు వరి పొలాల మధ్య పెరిగిన దాన్ని. మిరపకాయంటే పచ్చట్లో పడేదే తప్ప ఎకరాల కొద్దీ పండేది కాదు నాకు. పెళ్ళయిన తొలి ఏడు కోతలు మొదలై, కల్లం నిండా ఎర్రగా కాయ పరిచేసరికి ముక్కు కుళాయి అయింది, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. మిరప మీద బతికే ఇంటికి మిరప గిట్టని కోడలొచ్చిందని వీధంతా నవ్వులాట. ఇంట్లో పెత్తనమంతా తనదే అనుకునే మామగారి అక్కగారైతే, కోతలయ్యేదాకా ఈ పిల్లను పుట్టింట్లో దింపి రండి, ఇక ఏటా అంతే చేద్దాం అని తీర్పు చెప్పేశారు.  అందరూ ఒళ్ళు వంచే కాలంలో పుట్టింట్లో కూర్చునే కోడలు ఆ ఇంటికి చుట్టమైపోతుందని ఆ వయసులోనే నాకు తెలుసు.

 అత్తగారి నోరు కాస్త గట్టిది, మెత్తని మాట మచ్చుకైనా వచ్చేది కాదు. ఆ సాయంత్రం కల్లం గట్టున నిలబడి, చెంగు కొస ఎత్తి పట్టుకుని, గాలి దాన్ని ఎటు లాగుతోందో చాలాసేపు చూశారు. మర్నాడు ఇంకా మసక వెలుతురు ఉండగానే కేక వినపడింది.

"ఏమే, లెగు! మంచు ఆరకముందే తెల్లబారిన తాలుకాయ ఏరేద్దాం. ఎండెక్కితే కాయ పగిలి గింజంతా రాలిద్ది."

కూలి ఆడవాళ్ళు గొణుక్కుంటూనే వచ్చారు. నిజంగానే మంచుకు మెత్తబడిన కాయ గలగలమనదు, ఘాటు దుమ్ము పైకి లేవదు. అందరూ గాలికి వీపు పెట్టి కూర్చోవాలన్నారు అత్తగారు. గాలి వచ్చే వైపు కొసన నన్ను కూర్చోబెట్టి, తడి తుండు ముక్కుకు కట్టారు. ఎండ ముదిరితే పని బందు. కల్లం చుట్టూ ఉన్న, తుమ్ములు తెప్పించే వయ్యారిభామ మొక్కలను పూత రాకముందే పీకించారు. సాయంత్రం వేడినీళ్ళ స్నానం, ఆపైన దుప్పటి కింద వావిలాకు ఆవిరి. తుమ్ములు మాయమైపోయాయని చెప్పను గానీ, సగానికి సగం తగ్గి, హాయిగా నిద్ర పట్టింది. ఆ ఏడే కాదు, ఏ ఏడూ నేను కోతలప్పుడు పుట్టింటికి వెళ్ళలేదు.

అదంతా కాయ పగలకుండా ఉండటానికే అని నేనూ నమ్మాను. అత్తగారు పోయిన తర్వాత, పెద్దకర్మ నాడు, కల్లంలో మాతో పనిచేసిన శావల్యాపురం ముసలమ్మ ఒకావిడ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"కాయ కోసం కాదమ్మాయ్, నీ ముక్కు కోసమే మమ్మల్నందర్నీ ఆ చలిలో లేపింది మీ అత్త. నీకు చెప్తే చానా చిన్నబోతావని మా చేత ఒట్టేయించుకుంది."

అప్పటిదాకా పెద్దగా ఏడవని దాన్ని, ఆ మాటకు వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నేళ్ళు ఒక పొయ్యి మీద వండుకు తిన్నాం, ఆ మహాతల్లి ఒక్క మాట పొక్కనివ్వలేదు. అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మందులకు, యంత్రాలకు లోటు లేదు, సంతోషమే. ఒక్క పిల్ల తుమ్ముతోందని కల్లమంతా పొద్దు మార్చుకుని, గాలికి వీపు తిప్పి కూర్చున్న రోజులే ఎటో పోయాయి. మా కోడలు ఎవరి ఇబ్బంది వాళ్ళదే అన్నట్టు ఆ గదిలో ఒక్కతే తుమ్ముకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్లకు నేనేం చేయగలనా అనుకుంటుండగానే నా చెయ్యి చెంగు కొస ఎత్తి పట్టుకుంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చెంగు కదల్లేదు.