ఆరో వంతు బండి

తమ్ముడి ఫోనులో అతని బండి ఫోటోలు వందకు పైగా ఉన్నాయి. అన్నీ కుడివైపు నుంచి తీసినవే. సైలెన్సర్ కుడివైపున, సీటు కింది నుంచి పైకి లేచి వెనక్కి పోతుంది. దాన్ని చూపించడం అతనికి ఇష్టం. చైను ఎడమవైపున ఉంటుంది. చైను కనిపించే ఫోటో ఒక్కటీ లేదు. అతను పోయాక వాటిని మొదటిసారి వరసగా చూసినప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. అది ఎందుకో నాకు తెలుసు కాబట్టి, వెంటనే భయం వేసింది.

మాది దేవరకొండకు దగ్గర్లోని పల్లె, గొర్లు కాసే ఇల్లు. పోయినవాళ్లను మేం పూడ్చిపెడతాం. ఏడాది తిరిగిన రోజు, ఆ మనిషి దేనితో బతికాడో దాన్ని చిన్నగా చేసి సమాధి మీద పెడతాం. తాతకు మట్టి గొర్రె పెట్టారు. అవ్వకు చల్ల చిలికే కవ్వం. వానకు అవి కరిగిపోతాయి, లేదా విరిగిపోతాయి. ఎవరూ మళ్లీ చేయరు. ఒక్కసారి పెట్టడమే.

తమ్ముడి ఏడాదికి మూడు నెలల ముందు, అన్నం పెడుతూ అమ్మ అడిగింది.

"వానికేం పెడ్తం పెద్దోడా?"

"గొర్రెను పెడ్దామా?"

"వాడు గొర్లెంట ఎప్పుడు నడిసిండు? బండి మీదనే గద తిరిగింది. బండే పెట్టాలె. బొమ్మ లెక్క ఉండొద్దు. వాడు సూస్తే నాదే అని గుర్తు పట్టాలె."

చేసేవాడు ఎవరన్న ప్రశ్న రాలేదు. లైబ్రరీలో పనికి కుదరక ముందు నేను రెండేళ్లు కల్వకుర్తిలో ఒక మెకానిక్ షెడ్డులో పని చేశాను. సరే అన్నాను.

ఆ బండిని ఊళ్లో గుట్టల బండి అనేవారు. రోడ్డు మీద నడిపేవాళ్లు కొనే రకం కాదు. సన్నగా, ఎత్తుగా ఉంటుంది. టైర్లకు మొద్దు పళ్లు. ముందు మడ్‌గార్డ్ చక్రానికి జానెడు పైన, పక్షి ముక్కులా ఉంటుంది. తమ్ముడు దాన్ని సెకండ్ హ్యాండులో తెచ్చుకున్నాడు. ఎండాకాలం మంద గుట్టల అవతలికి పోతే, నాయినకు అన్నం, గొర్లకు మందులు దాని మీదే తీసుకుపోయేవాడు. నడిచి పోతే సగం రోజు పట్టే చోటికి అరగంటలో చేరేవాడు.

అతను పోవడానికి ముందు రోజు సాయంత్రం కొత్త చైను తెచ్చి నా ముందు పడేశాడు.

"అన్నా, పాత చైను మొత్తం సాగింది. జర ఇది ఎయ్యి."

"పొద్దున మెకానిక్ దగ్గరికి పో."

"పొద్దుగాలనే మంద కాడికి పోవాలె. అయినా నువ్వుండంగ మెకానిక్ ఎందుకు? బుక్కులు సదివి సదివి పానా పట్టుడు మర్చిపోయినవా ఏంది?"

నవ్వుతూనే అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ఇంజను కింద రాయి పెట్టి, వెనక చక్రం గాలిలోకి లేపి, పీట వేసుకుని కూర్చున్నాను. వెలుతురు తగ్గుతోంది. మధ్యలో లైబ్రరీ నుంచి ఫోను వచ్చింది, భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని మాట్లాడుతూ పని చేశాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తమ్ముడు చక్రం తిప్పి చూసి, "ఉస్తాద్ ఉస్తాదే" అన్నాడు.

మరునాడు గుట్ట దిగేటప్పుడు పడిపోయాడు. దవాఖానకు చేరేసరికి లేడు. వేగంగా పోయాడని అందరూ అన్నారు. నేను ఆ చోటు చూశాను. మొరం నేల మీద వెనక చక్రం తిరగకుండా గీసుకుంటూ వచ్చిన గీత ఉంది. బ్రేకు గట్టిగా తొక్కితే అలాంటి గీత పడుతుంది. చైను ఊడి చక్రానికి చుట్టుకున్నా పడుతుంది.

చైను రెండు కొసలను కలిపే లింకుకు బయటివైపు ఒక చిన్న క్లిప్పు పెడతారు. చైన్ లాక్ అంటారు. చేప ఆకారంలో ఉంటుంది. ఒక కొస మూసుకుని తలలాగా, ఇంకో కొస చీలి తోకలాగా. మా షెడ్డు ఉస్తాద్ మొదటి రోజే నేర్పాడు: చేప తల చైను పోయే వైపు ఉండాలి. తిరగేసి పెడితే, ఏ రాయో కంపో చీలిన కొసకు తగిలి క్లిప్పు ఊడొచ్చు. రోడ్డు మీద ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. గుట్టల్లో అలా కాదు.

ఆ సాయంత్రం చేప తల బండి ముందు చక్రం వైపు ఉంది. అది నాకు స్పష్టంగా గుర్తుంది. కానీ చైను పై వరస ముందుకు పోతుంది, కింది వరస వెనక్కి వస్తుంది. నేను క్లిప్పు పెట్టింది పై వరసలో అయితే సరిగా పెట్టినట్టు. కింది వరసలో అయితే తిరగేసి పెట్టినట్టు. పై వరసో కింది వరసో నాకు గుర్తు లేదు.

ట్రాక్టరులో తెచ్చిన బండిని మేకల కొట్టంలో పెట్టి టార్పాలిన్ కప్పారు. ఏడాదిగా అది అక్కడే ఉంది. నేను ఒక్కసారి కూడా దాన్ని ఎత్తలేదు. నిజం అక్కడ ఉంది, నా మంచానికి ముప్పై అడుగుల దూరంలో.

అందుకే కొలతలు ఫోటోల నుంచే తీసుకున్నాను. ముందు చక్రం రిమ్ము ఇరవై ఒక్క అంగుళాలు. దాన్ని బట్టి మిగతావన్నీ లెక్కగట్టి, అన్నిటినీ ఆరో వంతుకు తగ్గించాను. రిమ్ములు రాగి తీగతో చేశాను. స్పోకులకు సన్న ఇనుప తీగ. టైర్లు పాత హవాయి చెప్పులు కోసి, ఒక్కో పన్నూ బ్లేడుతో చెక్కాను. ఇంజను వేపచెక్క. దాని రెక్కలకు పౌడరు డబ్బా రేకు. వెనక షాకుకు పెన్నులోని స్ప్రింగు. పొద్దున పనికి పోయే ముందు గంట, ఆదివారం పగలంతా అరుగు మీద కూర్చుని చేసేవాణ్ణి.

పక్కింటి చిన్నమ్మ గోడ మీది నుంచి చూసేది.

"ఏందిరో, గింత పెద్దగైనంక బొమ్మలాట మొదలుపెట్టినవ్? పెండ్లి జేస్కోమంటే జేస్కోకపోతివి."

"ఏడాదికి చిన్నమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు పాత బ్యాగు తెచ్చిచ్చింది. "సీటుకు దీని తోలు పనికొస్తదేమో సూడు." పనికొచ్చింది.

అమ్మ రోజూ వచ్చి చూసేది. ఆ బండిని వారానికోసారి కడిగింది ఆమే. నాకు తెలియనివి ఆమెకు తెలుసు. "ట్యాంకు మీద గీకుడు ఏది? తుమ్మకంప గీకింది, గీడ." వేలితో చూపించింది. సూదితో గీశాను. "ఎనుక మడ్‌గార్డు పగిలితె తీగతోని కుట్టిండు గద." కుట్టాను. ఒకరోజు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని హ్యాండిలు దగ్గర వాసన చూసింది. రంగు వాసన తప్ప ఏమీ ఉండదు. తిరిగి నా చేతికి ఇచ్చింది.

బండి అతని బండిలా తయారవుతున్నకొద్దీ నా భయం పెరిగింది. కుడివైపు పూర్తయింది. ఎడమవైపు ఇంజను, పెడలు అయ్యాయి. చైను ఉండాల్సిన చోట ఖాళీ. చైను కోసం రేకు ముక్కలు కత్తిరించి, గుండుసూదులు తుంచి, లింకు లింకు కలిపి ఒక పొడవు తయారు చేశాను. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి మూశాను. ఎక్కించలేదు.

ఎవరూ లేనప్పుడు ఆ చిన్న బండిని స్టూలు మీద పెట్టి, దాని ఎడమవైపు పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. ఫోను భుజం మీద పెట్టుకునేవాణ్ణి. చేతులను వాటంతట అవే పోనిచ్చి, పైకి పోతాయా కిందికి పోతాయా చూసేవాణ్ణి. షెడ్డులో బండి ఎత్తు దిమ్మె మీద ఉండేది, మేం నిలబడి చేసేవాళ్లం, చేతికి పై వరస అందేది. ఇంటి దగ్గర పీట మీద కూర్చుంటే కింది వరసే దగ్గర. చేతులు ప్రతిసారీ కిందికే పోయాయి. చదివిన మనిషిని, ఇది సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయినా మళ్లీ పీట వేసుకుని కూర్చునేవాణ్ణి.

ఏడాదికి ఇంకా రెండు రోజులుందనగా అమ్మ బండిని ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"చైనేది?"

"ఎక్కియ్యాలె అమ్మా."

"ఎప్పుడు? నువ్వు గాదా కొత్తది ఏసింది? గట్లనే ఎయ్యి. కొత్తగ మెరుస్తాండె గద."

ఆమె మామూలుగానే అంది. ఆమె మొహంలో ఇంకేమైనా ఉందేమో అని చూశాను. ఏమీ లేదు. ఆమెకు తెలిసే రోజు ఒకటి వస్తుందని, ఆ రోజు ఆమె నా వైపు చూడదని ఏడాదిగా అనుకుంటున్నాను. ఇంకో రెండు రోజులు కూడా అలా ఉండలేననిపించింది.

కొట్టంలోకి పోయాను. మేకలు మేతకు పోయి ఉన్నాయి. టార్పాలిన్ మీద పెంట, దుమ్ము. ఒక అంచు పట్టుకుని లాగాను. ముందు హ్యాండిలు కనిపించింది, వంగిపోయి ఉంది. తర్వాత ట్యాంకు. చిన్న బండి మీద నేను సూదితో ఎక్కడ గీశానో, తుమ్మకంప గీత అచ్చంగా అక్కడే ఉంది. ఎడమవైపుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. కళ్లు మూసుకుని తెరిచాను.

చైను లేదు. పళ్లచక్రం ఒట్టిగా ఉంది, తుప్పు పట్టింది.

వెనక దగ్గు వినబడింది. నాయిన కొట్టం వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"నాయినా, చైనేది?"

"తీసేసిన."

"ఎప్పుడు?"

"ట్రాక్టర్ల తెచ్చిన్నాడే."

"ఎందుకు?"

ఆయన లోపలికి వచ్చి టార్పాలిన్ అంచు ఎత్తి మళ్లీ కప్పడం మొదలుపెట్టాడు. కప్పుతూనే చెప్పాడు.

"ట్రాక్టరెంట మెకానిక్ వచ్చిండు. ఏలాడుతున్న చైను చేతిల పట్టుకొని వంగి వంగి సూస్తాండు. 'గీ లాక్ ఎవరేసిన్రు పెద్దనాయనా' అన్నడు. ఎవరేస్తె నీకేందిరా, బండి దించి పో అన్న."

"లాక్ ఉన్నదా దానికి? ఎటు దిక్కున్నది?"

"నేను సూడలే."

"చేతిల పట్టుకొని కూడ సూడలేదా?"

"గుడ్డల సుట్టి పాడుబడ్డ బాయిల ఏసిన. సూస్తె నాకు ఎర్కయితది. నాకు ఎర్కయితె నా మొఖం సూసి నీకు ఎర్కయితది."

నేను ఏడ్చానో లేదో గుర్తు లేదు. ఆయన టార్పాలిన్ మీద రాయి పెట్టాడు.

"నువ్వు గిది ఎప్పుడు ఎత్తుతవో అని ఏడాది సంది నిన్నే కాస్తున్న," అన్నాడు. "గా బాయి దిక్కు కూడ పోవద్దు. ఇంకో కొడుకును మట్టిల పెట్టుడు నాతోని కాదు."

ఏడాదిగా ఆయన కొట్టం ముందు మంచం వేసుకుని కూర్చోవడం చూస్తూనే ఉన్నాను. కొడుకు బండి దగ్గర కూర్చుంటున్నాడని అనుకున్నాను. నా కోసం అని తెలియదు. నేను ఆ టార్పాలిన్‌కు భయపడ్డాను. ఆయన నాకు భయపడ్డాడు.

ఆ రోజే అగ్గిపెట్టె తెరిచి చైను ఎక్కించాను. రేకుతో చేపను కత్తిరించాను, బియ్యపు గింజలో సగం ఉంటుంది. చేప తలను చైను పోయే వైపు పెట్టాను. అది ఆ సాయంత్రం గురించి ఏమీ చెప్పదు.

ఏడాది రోజు సమాధి దగ్గర అమ్మ బండిని చేతిలోకి తీసుకుని వెనక చక్రాన్ని వేలితో తిప్పింది. చైను కదిలింది. నేను క్లిప్పునే చూస్తున్నాను. పై వరసలో దాని తల ముందుకు ఉంది. ముందు పళ్లచక్రం చుట్టూ తిరిగి కింది వరసలోకి వచ్చాక తల వెనక్కి ఉంది. మళ్లీ పైకి వచ్చింది, మళ్లీ ముందుకు. ఎక్కడ ఆపితే అక్కడ వేరుగా కనిపిస్తుంది.

"మంచిగ తిరుగుతాంది," అంది అమ్మ. నేను సమాధి మీద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "గట్ల దిగేటట్టు పెట్టకు. ఎక్కేటట్టు పెట్టు." ముందు చక్రాన్ని గుట్ట వైపు తిప్పి పెట్టాం.

మరునాడు పొద్దున నాయిన తన పాత మోపెడ్‌ను తోసుకుంటూ వచ్చి అరుగు ముందు ఆపాడు. చేతిలో కాగితంలో చుట్టిన కొత్త చైను.

"దీనిది ఊకె ఊడుతాంది. జర ఎయ్యి."

"మెకానిక్‌తోని ఏపిస్త నాయినా."

"నీతోని ఏపిచ్చుకుందామనే తెచ్చిన."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను ఫోను లోపల పెట్టి వచ్చాను. క్లిప్పు రెండుసార్లు మట్టిలో పడింది. ఆయన తొందర పెట్టలేదు. లింకు పై వరసలో ఉందని చూసుకున్నాను. "పై వరస" అని పైకి అన్నాను. చేప తల ముందుకు పెట్టాను. చక్రం తిప్పి, కింది వరసలోకి వచ్చాక మళ్లీ చూశాను.

"అయిందా?"

"అయింది."

అన్నం టిఫిను తగిలించుకుని ఆయన గుట్ట దారి పట్టాడు. మోపెడ్ చప్పుడు చాలాసేపు వినబడింది. మలుపు తిరిగాక తగ్గింది, మళ్లీ వినబడింది, ఆగింది. నేను పానా చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లైబ్రరీకి పోలేదు. పొద్దు వంగాక ఆ చప్పుడు మళ్లీ గుట్ట దిగడం వినబడే వరకు అక్కడే ఉన్నాను.