మైకు బండి ఎత్తుకుపోయిన నా శ్రోతలు

ఏకాదశి కదా అని ఈ సాయంత్రం గుడి అరుగు మీద పురాణం చెబుదామని గ్రంథం విప్పి కూర్చున్నాను. గొంతు సవరించుకునేలోగా పట్నం నుంచి వచ్చిన సర్కారు ప్రచార బండి మైకు మోగింది. నా ముందున్న జనమంతా, మా ఇంటావిడతో సహా, లేచి అటే పోయారు. కడుపు మండిపోయింది. గ్రంథం చంకన పెట్టుకొని నేనూ వెళ్లాను.

“తుపాకులతో గుట్టల్లో తిరిగేవాళ్లకు అన్నం పెట్టవద్దు. వస్తే పోలీసులకు ఖబర్ ఇయ్యాలి,” అని ఆఫీసరు చెబుతుంటే ఒక్కరూ రెప్ప వాల్చలేదు. భగవంతుడి మాటకు ఆవులించే ఊరు సర్కారు మాటకు నోరు తెరుచుకొని నిలబడింది! ఇది కలికాలం కాక మరేమిటి?

అప్పుడు గొర్లు కాసే ఇంటి మల్లవ్వ ముందుకొచ్చింది. “అయ్యా, ఆకలైతాందని వాకిట్ల నిలవడ్డోని పేరు వాడు తిన్నంకనే అడుగుతం. ముందుగాల అడిగితే పాపం. తిన్నంక తెలిస్తే, మా చేతి జొన్న గటక తిన్నోన్ని ఎట్ల పట్టియ్యాలె?”

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు వెంటనే పాటల రికార్డు పెట్టించాడు.

నాకు ఒళ్లు భగ్గుమంది. అంత గొప్ప ధర్మసందేహం ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు! దారిలో ఆమెను ఆపి నిలదీశాను.

“ఏమవ్వా, గా మాట నన్నడగొద్దా?”

“నిన్నడిగితే అన్నం పెట్టుమంటవని ఎరికే గద పంతులూ. వద్దన్నోన్నే అడగాలె.”

అది మెప్పో, దెప్పో ఇంకా తేలలేదు. కానీ నా మంట చల్లారలేదు. ఏం చెబుతాడో ముందే తెలిసిపోయిన మనిషి మాట వినడానికి జనం ఎందుకు రావాలి? మీకు తోస్తే చెప్పండి.