మా బావ అమ్మేసిన సుడి

మా బావ గంగులప్పకు మనుషుల ముఖాలు గుర్తుండవు. పశువుల సుడులు మాత్రం ముప్పై ఏళ్ల కిందటివి కూడా ఒప్పజెప్తాడు. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటే సుడి. అది నుదుట ఉంటే ఒక ఫలం, మెడ మీద ఉంటే ఇంకో ఫలం. పుంగనూరు సంతలో ఎద్దు కొనేవాడు పళ్లు తానే చూసుకుంటాడు, నడక తానే చూసుకుంటాడు, సుడులకు మాత్రం మా బావను పిలుస్తాడు. ఆయన తువ్వాలు భుజం మార్చుకొని, పశువు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి "తోలుకో పో" అన్నాడంటే బేరం కుదిరినట్టే. పెదవి విరిచినాడా, ఆ పశువును ఆ సంతలో ఇంకెవరూ ముట్టరు.

ఈ విద్య మీద నాకు ఏనాడూ గురి లేదు. నేను మదనపల్లె మార్కెట్టుకు టమేటాలు తోలేవాణ్ణి. నా వ్యానుకు ఎక్కడా సుడి లేదు, అయినా నెలకోసారి నడిరోడ్డులో ఆగిపోతుంది. ఈ మాటంటే బావకు ముక్కు మీద కోపం.

ఆయన పెళ్లాం మా అక్క, పేరు చిన్నమ్మ. ఆరేళ్లుగా ఆమె మొగుడితో మాట్లాడదు. వండి పెడుతుంది, జ్వరమొస్తే కషాయం కాచి ఇస్తుంది, మాట మాత్రం లేదు. చెప్పాల్సిందేమన్నా ఉంటే గోడకు చెప్తుంది, లేదంటే నాకు ఫోన్ చేస్తుంది. "ఒరే మునిరత్నం, మోటారు ఆపమని మీ బావకు సెప్పు." బావ ఆమెకు నాలుగడుగుల దూరంలోనే ఉంటాడు. నేను మదనపల్లెలో వ్యాను పక్కకు ఆపి, ఆయనకు ఫోన్ చేసి, మోటారు ఆపు బావా అంటాను. నా బతుకు ఇట్లా తెల్లారింది.

తప్పు బావదే. సిట్టి అని మా ఇంట్లో పుట్టిన పుంగనూరు ఆవు ఉండేది. నడుమెత్తు కూడా ఉండదు, తోక నేలను ఊడుస్తూ ఉంటుంది. అక్క పెళ్లయిన చానా ఏళ్లకు ఒకసారి పుట్టింటికి వచ్చి దాన్ని తన వెంట తోలుకుపోయింది. సిట్టి వీపున రెండు పక్కలా ఎదురెదురుగా రెండు సుడులు. పాడెకు ఇరుపక్కలా మోసేవాళ్లు నిలబడినట్టు ఉంటాయని దాన్ని పాడె సుడి అంటారు, ఇంటికి చావు తెస్తుందంటారు. అత్తగారింటి ఆవు కదా, బావ పదకొండేళ్లు చూసీ చూడనట్టే ఉండిపోయాడు. ఒకనాడు సంతలో ఎవడో నలుగురి ముందర, "ఇంట్లో పాడె సుడిని కట్టేసుకోని ఊరికి సుడులు సెప్తాండావా గంగులప్పా?" అని ఎగతాళి చేశాడు. అక్క అప్పుడు కూతురు రూప కాన్పుకని కుప్పంలో ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి గుంజకు పలుపు మాత్రమే మిగిలింది. సిట్టి యాడ అంటే, సంతలో అన్నాడు. ఆరోజు మూసుకున్న నోరు మా అక్కది.

పోయినేడు పశువుల డాక్టరమ్మ రేష్మ వాళ్లింటికి వచ్చింది. బావ సంతకు పోయి ఉన్నాడు. ఇంట్లో ఇప్పుడు ఎనుమంత పెద్ద జెర్సీ ఆవు ఉంది. డాక్టరమ్మ ఏదో వివరంగా చెప్పింది, అక్క విని, కాగితం మీద సంతకం పెట్టింది. సాయంత్రం బావ నన్నడిగితే "ఆవుకు సూలు నిలిచే సూది ఏసినారంట" అన్నాను. నాకూ అక్క చెప్పింది అంతే. ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటలుంటే ఈ కథే లేదు.

తొమ్మిది నెలలు బావ ఆ జెర్సీ కడుపు తడిమి తడిమి చూశాడు. "కోడెదూడ, మంచి పుష్టిగా ఉండాది" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఈనేరోజు పొద్దున్నే నన్ను కూడా పిలిచాడు. ఎనిమిదింటికి ఆవు ఈనింది.

దూడను చూద్దామని నేను దగ్గరికి పోయాను. తెల్లగా, టమేటా క్రేటులో పెడితే పట్టేటంత ఉంది. అంత పెద్ద ఆవు వంగి, ఆ పిసరంత దాన్ని నాకుతోంది. బావ రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

"జెర్సీ కడుపున పుంగనూరు దూడ యాడైనా పుడతాదా? మామిడి సెట్టుకు సింతకాయ కాసినట్టుండాదే!"

అంతటితో అయిపోలేదు. దూడ తడి ఆరింది. తువ్వాలుతో దాని వీపు తుడుస్తున్న బావ చెయ్యి ఆగిపోయింది. రెండు పక్కలా, ఎదురెదురుగా, రెండు సుడులు. ఆయన తువ్వాలు కింద పడేసి నావైపు తిరిగాడు. "వచ్చేసినాదిరా మునిరత్నం. అమ్మేస్తే కడుపులో దూరి మళ్లా వచ్చేసినాది. ఈరోజే తోలేయల్ల దీన్ని."

అక్క వచ్చి దూడను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నావైపు చూసి, "ఒరే, మీ బావకు సెప్పు. ఈ దూడ గడప దాటితే దీని ఎనక నేనూ దాటతాను. ఇంగ తిరిగి రాను" అంది. మా అక్క ఊరికే అనే మనిషి కాదు. సూది వేసినామెనే అడగాలనిపించింది. బావకు అర్థమయ్యేలోపే నేను రేష్మ డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చి నవ్వుతూనే చెప్పింది. "ఈ జెర్సీ మోసింది, కన్నది, అంతే గంగులప్పా. పిండం దీనిది కాదు. కుప్పం దగ్గర ఒక ఫారంలో పుంగనూరు ఆవు ఉండాది. దాని అండం తీసి, గాజు గిన్నెలో పిండం కట్టించి, ఏడో రోజు దీని గర్భంలో పెట్టినాం. అమ్మకు అంతా సెప్పినాను కదా. ఆడదూడ పుడితే మీదేనని రాసిచ్చినాం గూడా."

"మాకు సెప్పలేదే!" అన్నాను. అక్క దూడ చెవి నిమురుతూ, "నన్నెవురు అడిగినారు?" అంది.

డాక్టరమ్మ దూడ అసలు తల్లి ఫోటో ఫోన్‌లో చూపించింది. తెల్లావు, ఎడమ చెవి చివర చీలిక. ఆ చీలిక మా కుక్క కొరికితే పడింది. ఆ కుక్కను తరిమింది నేనే. ఫోన్ అందుకొని అక్క వైపు తిప్పాను. "అక్కా, ఇది మన సిట్టి!"

అక్క ఫోన్ లాక్కుంది. ఫోటోను వేలితో పెద్దది చేసింది, చిన్నది చేసింది, మళ్లా పెద్దది చేసింది. ఏడవలేదు. బావ మాత్రం, "కాదు, నేను నమ్మను. కండ్లారా సూడల్ల" అన్నాడు.

మరునాడు ముగ్గురం బస్సులో కుప్పం పోయాం. వాళ్లిద్దరి మధ్య సీటులో నేను. ఫారం యజమాని లక్ష్మీపతి మమ్మల్ని తిన్నగా షెడ్డులోకి తీసుకుపోయాడు. సిట్టి ఫ్యాను కింద నిలబడి నెమరు వేస్తోంది. ముసలిదైంది, అయినా ఒళ్లు నిగనిగలాడుతోంది. "ఇది మా ఫారానికి పెద్దమ్మప్పా. దీని బిడ్డలు పద్నాలుగు మంది వేరే ఆవుల కడుపున పుట్టినారు" అన్నాడు లక్ష్మీపతి.

బావ అడిగాడు. "దీని వీపున సుడులు సూసినారా స్వామీ?"

"సుడులా? యాడ?" లక్ష్మీపతి వంగి చూశాడు. "ఆరేండ్లుగా దినామూ నేనే కడుగుతాండాను, ఎప్పుడూ సూడలేదే. ఏం, అవి మంచివా?"

ఆ మాటకు బావ గడ్డి మోపు మీద కూలబడ్డాడు. "మునీశ్వరి పాలావు," అన్నాడు తనలో తాను. "కురబలకోట గురప్ప కాడెద్దు. గోవిందరాజులు వాళ్ల కవల దూడలు." పేర్లు ఆగడం లేదు. ఆయన పెదవి విరుపుకు అయినకాడికి అమ్ముకున్నవాళ్లు, కసాయికి తోలినవాళ్లు. మనుషుల ముఖాలు గుర్తుండవన్న మనిషికి అందరూ గుర్తున్నారు. ముప్పై ఏళ్లు ఆయన్ని ఎగతాళి చేసిన నాకు ఆరోజు భయమేసింది.

సిట్టి మూతి చాచి అక్క చెయ్యి వాసన చూసింది. చూసి, ఆమె కొంగు చివర నోట్లో పెట్టుకుంది. మా ఇంట్లో ఉన్నప్పటి అలవాటు అది. అక్క కొంగు వదిలించుకోలేదు. సిట్టి మెడ మీద చెయ్యి వేసి, తల తిప్పి, నన్ను దాటి సూటిగా బావను చూసింది.

"ఏమయ్యా," అంది. "నా నెత్తిన గూడా ఏదన్నా సుడుండాదేమో సూడు. ఉంటే నన్నూ సంతకు తోల్దువు."

ఆరేళ్ల తర్వాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట అది. బావ ఆమెను చూశాడు, సిట్టి వీపును చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు అద్దుకున్నాడు.

"నాకు సుడులు సూడ్డం రాదు మే," అన్నాడు.