పిట్టలకు చదివింపులు

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో వసుమతికి తెలియకుండా ఎవరింటి ముందూ కొత్త కారు ఆగేది కాదు. పక్కవీధిలో పోపు మాడినా ముందు ఆవిడ ముక్కుకే తెలిసేది. చదివింది ఐదో తరగతే అయినా చేతికందిన కాగితాన్నల్లా కూడబలుక్కుని చదివేది. సబ్బుపెట్టె మీది అక్షరాలను కూడా వదిలేది కాదు. అంతటి మనిషికీ ఒక్కచోట మాత్రం ప్రవేశం లేదు. ఏప్రిల్ వచ్చి, భర్త రామమోహన్ భోజనాల బల్ల మీద టాక్సు కాగితాలు పరిచాడంటే ఆవిణ్ణి ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు.

"నీ ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే గడువు దాటిపోతుంది" అనేవాడు. ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపట్టని రకం.

ఫెడరల్ వాళ్ళ దగ్గర్నుంచి, అంటే కేంద్ర ప్రభుత్వం నుంచి, ఏటా ఎంతో కొంత తిరిగొచ్చేది. మిషిగన్ రాష్ట్రానికి మాత్రం వీళ్ళే ఎదురు కట్టాల్సి వచ్చేది. 1980లో అది సరిగ్గా అరవై డాలర్లు తేలింది. ఆయన చెక్కు రాస్తుంటే వసుమతి గుమ్మంలోంచే కేకేసింది.

"అయ్యో, సున్నాతో ఇస్తారుటండీ! పైన ఒక్కటి వేయండి."

"ఇది పన్నే, పెళ్ళి కాదు, నూటపదహార్లు చదివించడానికి."

"ఎవరికిచ్చినా ఇవ్వడం ఇవ్వడమే కదా!"

"లెక్కంటే లెక్కే" అంటూ కవరు అంటించేశాడు.

జూన్‌లో ఆయన ఉద్యోగం పోయింది.

ఆ ఏడు డెట్రాయిట్ చుట్టుపక్కల వేలమందికి పోయింది. వాళ్ళందరూ సున్నాతోనే చెక్కులు రాశారా అని రామమోహన్ అడిగితే, "ఆ సంగతి వాళ్ళ ఆవిడల్ని అడగండి" అంది వసుమతి. కొత్త ఉద్యోగం దొరికేదాకా ఆయన ఇంట్లో కూర్చుని పోపులడబ్బాకు చీటీలు అంటించాడు, బియ్యం కడగడంలో తప్పులు పట్టాడు. ఆ ముచ్చట్లు ఆవిడ అందరికీ నవ్వుతూనే చెప్పేది. కానీ ఆ చలికాలం హీటరు పెంచడానికి వెనకాడి, ఇంట్లో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకు తిరిగిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, తానూ మరిచిపోలేదు.

కొత్త ఉద్యోగం వచ్చాక పన్ను ఎంత తేలినా, దానిపైన ఒక డాలరు వేస్తేగానీ ఆవిడ ఊరుకోలేదు. ఆ పోరు పడలేక రామమోహన్ వేశాడు. కొన్ని వారాలకు రాష్ట్రం వాళ్ళ కవరొకటి వచ్చింది. అందులో ఒక్క డాలరుకు చెక్కు.

"పెట్టిన చీర తిప్పి పంపినట్టు ఇదేం మర్యాదండీ?"

"ఎక్కువ కట్టాం, తిరిగిచ్చారు. దాన్ని నిజాయితీ అంటారు."

"పుచ్చుకోవడం చేతకాకపోవడం అంటారు!"

మరుసటి ఏడూ వేయించింది. మరుసటి ఏడూ తిరిగొచ్చింది. రెండు చెక్కులూ వెంకటేశ్వరస్వామి పటం వెనక్కి చేరాయి. మార్చుకుంటే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టేనని ఆవిడ వాదన. సర్కారుకే బుద్ధొస్తుందని ఆవిడా, ఆవిడకే వస్తుందని ఆయనా కాచుకు కూర్చున్నారు.

1984 వసంతంలో ఈ కొత్త కంపెనీలోనూ గుసగుసలు మొదలయ్యాయి. మే నెలలో కొంతమందిని తీసేస్తారట. రామమోహన్ అన్నం కెలికి లేచిపోతున్నాడు. ఈసారి ఎలాగైనా ఆ డాలరు అక్కడే నిలబడాలనుకుంది వసుమతి. ఆయన ఫోనెత్తడానికి లేవగానే వెళ్ళి ఆయన కుర్చీలోనే కూర్చుంది. ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడ వేలు ఫారంతో వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ మీద ఉంది.

"ఏమండీ, ఈ పిట్టకి టాక్సులో ఏం పని?"

"ముట్టుకోవద్దన్నానా? అదేదో అడవి పిట్టలకి డొనేషన్. కొత్తగా పెట్టారు. మనకక్కర్లేదు."

"ఇస్తే తిప్పి పంపుతారా?"

"డొనేషన్ ఎందుకు తిప్పి పంపుతారు?"

వసుమతి కుర్చీలో ఇంకాస్త సర్దుక్కూర్చుంది. "అదీ సంగతి! ఇన్నాళ్ళూ ఫారంలో చదివింపులకి గడి లేదన్నమాట. పాపం, వాళ్ళు మాత్రం దేనికింద పుచ్చుకుంటారు? ఒక్కటి వేయండి."

"రెండుకు తగ్గకూడదట."

"అయితే రెండు, పైన ఒక్కటి."

రామమోహన్ ఆవిణ్ణి కుర్చీలోంచి లేపి, "సరే, వేస్తాలే" అన్నాడు.

గడువు చివరి రోజు సాయంత్రం ఇద్దరూ పోస్టాఫీసుకు బయల్దేరారు. అక్కడ కార్లు బారులు తీరి ఉన్నాయి. పోస్టుపెట్టె ఇంకా రెండు కార్ల దూరం ఉందనగా రామమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"వసూ, పిట్టలకి వేయలేదు."

"వేస్తానన్నారుగా!"

"నీ నోరు మూయించడానికన్నాను." కవరు చింపి, ఫారం స్టీరింగు మీద పెట్టుకుని, పిట్టల గడిలో మూడు వేసి మొత్తం దిద్దాడు. జేబులోంచి చెక్కుపుస్తకం తీసి కొత్త చెక్కు రాశాడు. రెండో జేబులోంచి స్టాంపు అంటించిన కొత్త కవరు తీశాడు. వెనక కార్లవాళ్ళు హారన్ల మీద హారన్లు కొడుతున్నారు.

"చెక్కుపుస్తకం, కవరు, స్టాంపుతో సహా! ఇవన్నీ ఎందుకు తెచ్చారు?"

"ఊరికే" అన్నాడు రామమోహన్ రోడ్డుకేసి చూస్తూ.

మే నెలలో వేటు వేరే సెక్షను మీద పడింది. తన డ్రాయింగులే తనను కాపాడాయన్నాడు రామమోహన్. వసుమతి ఆయనకి ఇంకో గరిటె పప్పు వడ్డించింది. జూన్ అంతా ఉత్తరాల డబ్బా దగ్గర కాపలా కాసింది. రాష్ట్రం నుంచి కవరేదీ రాలేదు.

"పుచ్చుకున్నారండీ!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

ఇక ఆదివారం ఆదివారం ఊరి చెరువు దగ్గరికి ప్రయాణం. తమ డబ్బు ఏ పిట్టకు అందిందో ఆవిడకు తెలియాలి. రామమోహన్ విసుక్కుంటూ ప్రతిసారీ ఏదో ఒక బాతును చూపించేవాడు. అది మొన్న చూపించిన బాతు కాదని ఆవిడ వెంటనే పట్టేసేది.

మరుసటి ఏప్రిల్‌లో బల్ల మీద కాగితాలు పరుచుకున్నాడు. వసుమతి అలవాటు ప్రకారం గుమ్మంలోనే ఆగింది. రామమోహన్ తలెత్తకుండానే పక్క కుర్చీ కాలితో వెనక్కి జరిపాడు.

"రా, కూర్చో. పిట్టలకి ఈసారి ఎంత?"