ఆర్పిన కర్పూరం

తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో గదులు సర్దే పని చేసేదాన్ని. కొండ మీద గుండు కొట్టించుకొని వచ్చినవాళ్ల తలకు పూసిన గంధం దిండు గలీబులకు అంటుకొనేది. ఎంత రుద్దినా ఆ పసుపు వదిలేది కాదు. అయినా పని ఎప్పుడూ బరువనిపించలేదు. నా బాధంతా సూపర్‌వైజరుతోనే. నేను పక్క దులుపుతుంటే లోపలికొచ్చి తలుపు మూసేవాడు. అందుకే తలుపు పడకుండా నీళ్ల బకెట్టు అడ్డం పెట్టుకొనేదాన్ని. దాన్ని చప్పుడు కాకుండా జరిపి వచ్చేవాడు. ఒకరోజు భుజం మీద చెయ్యి వేశాడు. విదిలించుకొని, తిన్నగా కిందికి దిగి ఓనరుకు చెప్పేశాను.

ఓనరు చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ఆశ పెట్టుకొనేదాన్నే కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే వచ్చి పలకరించి పోయిన మనిషి. కాకపోతే పనివాళ్ల మధ్య ఏ తగాదా వచ్చినా రిసెప్షన్లో స్వామి పటం ముందు కర్పూరం వెలిగించి, చేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యమనేవాడు. దుప్పటి పోయినా అంతే, గ్లాసు పగిలినా అంతే. ఇదీ అలాంటిదే అనుకున్నాడు మహానుభావుడు.

అందరినీ పిలిపించాడు. ఆయన ఒక్కడికే చెప్పుకున్న మాటను వాచ్‌మన్ ముందు, వంటాయన ముందు మళ్లీ చెప్పమన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సూపర్‌వైజరు తాపీగా చొక్కా చెయ్యి మడిచి, "నేను ఏ తప్పూ చెయ్యలేదు స్వామీ" అంటూ కర్పూరం అణిచేశాడు. ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు కూడా. ఓనరు మళ్లీ వెలిగించాక నేను ఆర్పాను. అరచెయ్యి చురుక్కుమంది.

"ఇద్దురూ ఆర్పినారు. ఇంగ తీర్పు చెప్పేదానికి నేనెవురు? స్వామే సూసుకుంటాడు, పోండి" అన్నాడు ఓనరు.

"వరండాలో కెమెరా ఉండాది కదా సార్. ఒక్కసారి సూడండి."

"స్వామి కన్నా కెమెరా గొప్పదా తల్లీ?"

"పోనీ నన్ను వేరే అంతస్తుకన్నా మార్చండి సార్."

"మారిస్తే ఆయప్పది తప్పని నేనే చెప్పినట్టు కాదామ్మా?"

ఒళ్లు మండిపోయింది. నాకు మాత్రం భక్తి లేదా? అలిపిరి మెట్లెక్కి ఎన్నిసార్లు పోలేదు? కానీ ఎవరు ఏ అంతస్తులో పని చెయ్యాలో చెప్పేది స్వామి కాదు, ఓనరు. ఒక మనిషి చెయ్యగలిగినంత చిన్న పనిని ఆయన దేవుడి నెత్తిన పెట్టి, చేతులు దులుపుకొని, టిఫినుకు పోయాడు. ఆ క్షణంలో సూపర్‌వైజరు కంటే ఆయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

అమ్మ మంచంలో ఉంది. పని మానేసి ఇంటికి పోయే దారి లేదు. మళ్లీ పైకే పోయాను. తలుపుకు బకెట్టు అడ్డం పెట్టి, కాలిన చేత్తో దుప్పటి లాగుతున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. ఈసారి బకెట్టును మెల్లగా జరపలేదు. కాలితో తన్నాడు.